సిగ్గు ముక్క

మన ఇళ్ళల్లో హోటలుకు వెళ్ళడమంటే అదొక చిన్న యాత్ర. బయలుదేరేముందు ఎక్కడికో తేల్చుకోవాలి. వెళ్ళాక ఏం తినాలో తేల్చుకోవాలి. తిన్నాక బిల్లు ఎవరిస్తారని పెనుగులాడాలి. మొదటి రెండూ ఆడవాళ్ళ వంతు, మూడోది మగవాళ్ళ వంతు అని లోకంలో ఒక వాడుక. ఏమైనా ఒకచోట కుదురుగా కూర్చుని, ఎవరి పళ్ళెంలోది వాళ్ళు తిని లేవడమే మనకు తెలిసిన పద్ధతి. అలా కాకుండా, ఒక్క రాత్రిలో నాలుగు హోటళ్ళు మారి, ఒక్కొక్కచోట రెండేసి ముక్కలు నిలబడే తిని, అదే భోజనమనుకుని ఇంటికి రావడం 2024 మే నెలలో మాడ్రిడ్ నగరంలో నేర్చుకున్నాను. దానితో పాటు ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. అది తిండికి సంబంధించినది కాదు. సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

మా తమ్ముడు ఆ ఊళ్ళో ఏడెనిమిదేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాడు. మా కాలేజీకి వేసవి సెలవులిచ్చారు గనుక, మా శ్రీమతీ నేనూ వెళ్ళాం. వాడు పిలిచాడనే అందరికీ చెప్పాను గాని, నిజానికి పిలిచింది మా మరదలు. మా అన్నదమ్ములిద్దరికీ అప్పటికి మూడేళ్ళుగా మాటలున్నాయే గాని మాట్లాడుకోవడం లేదు. "ఎలా ఉన్నావురా?", "బాగానే ఉన్నాను అన్నయ్యా", "అక్కడ ఎండలెలా ఉన్నాయి?" ఇంతటితో సరి. 2021 మే నెలలో మా నాన్నగారు పోయారు. విమానాలు సరిగా తిరగని రోజులవి. వాడు రాలేకపోయాడు. రాలేడని నాకూ తెలుసు. తెలిసి కూడా, ఆ పదిరోజుల్లో ఎప్పుడో ఫోనులో ఒక మాటన్నాను. ఆ మాట ఇక్కడ రాయలేను. వాడు తిరిగి ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే ఆ గొడవ అప్పుడే తీరిపోయేది. అననందువల్ల అలాగే నిలిచిపోయింది. ఊళ్ళో నాన్నగారి ఇల్లు తాళం వేసి ఉంది. ఆ ఇంటి సంగతి నేనెత్తలేదు, వాడూ ఎత్తలేదు.

వెళ్ళిన మొదటి సాయంకాలమే మాకు ఆకలితో తగువు వచ్చింది. మా ఇంట్లో ఎనిమిదింటికి అన్నాలు. ఆ ఊళ్ళో ఎనిమిదింటికి ఇంకా పట్టపగలే. మే నెలలో అక్కడ సూర్యుడు రాత్రి తొమ్మిది దాటితేగాని పడమటింటికి చేరడు. దానికొక కథ ఉంది. స్పెయిన్ దేశం భూగోళం మీద దాదాపు లండనుకు తిన్నగా కింద ఉంటుంది గనుక, గడియారం కూడా లండనుతో కలిసి నడవాలి. కాని 1940లో ఫ్రాంకో ప్రభుత్వం గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపి జర్మనీ కాలంతో కలిపింది. యుద్ధం పోయింది, ఫ్రాంకో 1975లో పోయాడు, ఆ గంట మాత్రం వెనక్కి రాలేదు. మధ్యాహ్నం రెండున్నరకూ మూడింటికీ భోజనం, రాత్రి తొమ్మిదిన్నరకూ పదింటికీ మళ్ళీ భోజనం. మరి ఈ మధ్యకాలం మనిషి ఎలా బతకాలి? ఆ ప్రశ్నకు వాళ్ళు చెప్పుకున్న సమాధానమే తాపాస్.

ఆ మాట వినగానే మా శ్రీమతి, "ఇప్పుడు టపాసులేమిటి, దీపావళికింకా ఆర్నెల్లుందిగా?" అన్నది. ఎనిమిదేళ్ళ మా తమ్ముడి కూతురు పొట్ట పట్టుకుని నవ్వి, "టపాసులు కాదు పెద్దమ్మా, తాపాస్!" అని మాకు పాఠం చెప్పింది. తెలుగు పంతులుకు పాఠం చెప్పే అవకాశం పిల్లలకు రోజూ రాదు.

తాపా అంటే స్పానిష్ భాషలో మూత. మద్యం గ్లాసుమీద ఈగ వాలకుండా ఒక రొట్టెముక్కో మాంసంముక్కో మూతలా పెట్టేవాళ్ళనీ, ఆ మూతే తిండి అయిందనీ చెబుతారు. కాదిజ్ రేవులో గాలికి ఇసుక ఎగిరిపడుతుంటే పన్నెండో అల్ఫోన్సో కొడుకు, పదమూడో అల్ఫోన్సో రాజుగారి గ్లాసుమీద ఒక సేవకుడు మాంసపు పలుచని ముక్క కప్పి ఇచ్చాడనీ, రాజుగారికి అది నచ్చి, అదే మూతతో ఇంకొక గ్లాసు తెమ్మన్నాడనీ ఒక కథ. పదమూడో శతాబ్దంలో విద్వాంసుడైన పదో అల్ఫోన్సో జబ్బుపడి, ద్రాక్షసారాతో పాటు చిన్నచిన్న ముక్కలు తిని కోలుకున్నాడని ఇంకొక కథ. రెండూ పుక్కిటి పురాణాలే. ఏ తిండి పుట్టుక వెనకనైనా ఒక రాజుగారుంటే తప్ప మనుషులకు తృప్తి ఉండదు కాబోలు.

నా మట్టుకు నాకు ఆ మాటకు సరైన తెలుగు అప్పుడే తట్టింది. నంజుకోవడం! పెరుగన్నంలోకి మాగాయ ఎలాగో, అక్కడ ఆ గ్లాసుకు ఆ పళ్ళెం అలాగ. మనం అన్నం ముఖ్యమనుకుని నంజుడు పక్కన పెట్టుకుంటాం. వాళ్ళు నంజుడే ముఖ్యమనుకుని అన్నం మానేశారు. అంతే తేడా.

ఆ రాత్రి మా తమ్ముడు మమ్మల్ని లా లతీనా పేటలో కావా బాహా అనే వీధికి తీసుకువెళ్ళాడు. పాత కోటగోడకు వెలుపల ఉండే కందకం దారి అది. కందకం పూడిపోయాక, పల్లెలనుంచి సరుకులు తెచ్చే బళ్ళవాళ్ళూ గాడిదలవాళ్ళూ దిగే సత్రాలు అక్కడ వెలిశాయి. ఇప్పుడు వీధి పొడుగునా ఈ నంజుళ్ళ అంగళ్ళే. లోపల కూర్చోవడానికి బల్లలున్నా, అసలు ఊరివాళ్ళు గల్లాబల్లకు ఆనుకునే నిలబడతారు. చేతిలో కాన్యా అనే చిన్న బీరు గ్లాసు. ముందు అరచేతంత పళ్ళెం. అందరూ ఒక్కసారే మాట్లాడుతుంటారు. మా కాలేజీలో పరీక్ష ఫలితాలు వచ్చిననాడు కూడా అంత సందడి ఉండదు. తాగనివాళ్ళకు మోస్తో అని చల్లని ద్రాక్షరసం ఉంది. గ్లాసు చూసి తాగేవాడెవడో తాగనివాడెవడో చెప్పలేం గనుక, పరువు దక్కుతుంది.

ఒక పద్ధతి గమనించండి. అదే వంటకాన్ని మూడు కొలతల్లో ఇస్తారు. చిన్నది తాపా. పెద్ద పళ్ళెం రాథియోన్. దానిలో సగం మెదియా రాథియోన్. మనుషులెందరో చూసుకుని చెప్పాలి. గ్రనాదా నగరంలో పానీయం కొంటే తాపా ఊరికే ఇస్తారు. మాడ్రిడ్‌లో కొన్నిచోట్ల నాలుగు ఆలివ్ కాయలో ఇంత ఆలూ వేపుడో ఊరికే వస్తుంది, మిగతాది కొనుక్కోవాలి. చిన్న పళ్ళెం నాలుగైదు యూరోలు. మా శ్రీమతి ప్రతి పళ్ళేన్నీ తొంభైతో హెచ్చవేసి, "నాలుగు వందల యాభై రూపాయల బంగాళాదుంప!" అని నిట్టూర్చేది. రెండోరోజుకు హెచ్చవేయడం మానేసింది. మానేస్తేగాని ప్రయాణంలో ఏదీ రుచించదు.

ఆమె శాకాహారి. నేను గుడ్డు తింటాను. ఇద్దరికీ పస్తు తప్పదనుకుని వెళ్ళాం గాని, అంత ప్రమాదమేమీ జరగలేదు. తోర్తీయా అని, బంగాళాదుంపల్ని ఆలివ్ నూనెలో మగ్గించి గుడ్లతో కలిపి దిబ్బరొట్టెలా మందంగా కాల్చే అట్టు నా పాలిటికి. అందులో ఉల్లిపాయ వేయవచ్చునా కూడదా అని ఆ దేశంలో రెండు పక్షాలున్నాయట. మనకు పప్పులో ఇంగువ వేయాలా వెల్లుల్లి వేయాలా అన్నట్టు. మా శ్రీమతికి పతాతాస్ బ్రావాస్, అంటే దుంపముక్కలు కరకరలాడేట్టు వేయించి ఎర్రని కారపు పులుసు పోసినవి. టమాటా గుజ్జు రాసిన రొట్టె. వంకాయను పలుచగా తరిగి వేయించి, పైన చెరకుపాకం పోసినది. వంకాయకు తీపి ఏమిటని ముఖం చిట్లించిందే గాని, పళ్ళెం ఖాళీ అయింది.

ఒక్కచోట మాత్రం దెబ్బతిన్నాం. మాంసం వద్దని మరీమరీ చెప్పి బఠాణీల కూర తెమ్మంటే, నిండా గులాబిరంగు ముక్కలతో వచ్చింది. ఇదేమిటని మా తమ్ముడడిగితే, వడ్డించేవాడు ఎంతో నిజాయితీగా, "మాంసం కాదు, హమోన్" అన్నాడు. హమోన్ అంటే ఉప్పులో ఊరబెట్టి నెలల తరబడి గాలికి ఆరబెట్టిన పంది తొడ. ప్రతి అంగడిలోనూ కప్పునుంచి వరసగా వేలాడుతుంటుంది. వాళ్ళకు అది మాంసంలో జమకాదు, రుచిలో జమ. మన ఊళ్ళల్లో ఉల్లి వేసి, "వెల్లుల్లి వేయలేదండీ" అని మడివాళ్ళకు నచ్చజెప్పినట్టే ఉంది. తప్పు తెలిసి పాపం ఆ మనిషే నొచ్చుకుని, పుట్టగొడుగుల వేపుడు తెచ్చిపెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం పుఎర్తా దెల్ సోల్ దగ్గర కాసా లాబ్రా అనే అంగడికి వెళ్ళాం. 1860లో పెట్టినది. ఉప్పుచేప ముక్కలు పిండిలో ముంచి వేయించినవీ, క్రొకేతాలూ అక్కడ ప్రసిద్ధి. క్రొకేతా అంటే పాలూ మైదా కలిపి గట్టిగా ఉడికించి, అందులో ఏదో ఒకటి సన్నగా తరిగి కలిపి, రొట్టెపొడిలో దొర్లించి వేయించే ఉండ. ఆ 'ఏదో ఒకటి' ఇళ్ళల్లో చాలావరకు నిన్నటి మిగులే. చద్దన్నాన్ని పులిహోర చేసే ఇల్లాలి తెలివి అన్ని దేశాల్లోనూ ఒకటే. 1879 మే 2వ తేదీన పాబ్లో ఇగ్లేసియాస్ అనే అచ్చుకూర్పరీ, అతని స్నేహితులూ ఈ అంగడిలోనే రహస్యంగా చేరి, స్పెయిన్ సోషలిస్టు పార్టీని స్థాపించారు. ఒక దేశాన్ని తరువాత ఎన్నో ఏళ్ళు ఏలిన పార్టీ వేపుడు చేపల వాసన మధ్య పుట్టింది. మన కాఫీహోటళ్ళలో కూడా ఎన్నో పార్టీలు పుట్టి ఉంటాయి గాని, బిల్లు వచ్చేసరికి చీలిపోయి ఉంటాయి.

ఆ బిల్లు సంగతి చెప్పాలి. అక్కడ పెనుగులాట లేదు. నలుగురు స్నేహితులు బయలుదేరితే ఒక అంగడి ఒకరిది, తరువాతది ఇంకొకరిది. కాని మా తమ్ముడు నన్ను జేబులో చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. "నువ్వు అతిథివి అన్నయ్యా" అన్నాడు ఒకసారి. ఆ మాట నాకు గుచ్చుకుంది. నేనెప్పుడు వాడికి అతిథినయ్యాను? అలాగని ఏమనగలను? మూడేళ్ళ కింద నేనన్న మాట కంటే ఇది చాలా మెత్తనిది.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరచింది ఎంగిలి సంగతి. పళ్ళెం బల్ల మధ్యన ఒక్కటే. చుట్టూ ఎందరుంటే అన్ని ముళ్ళచెంచాలు. అందరూ అందులోంచే పొడుచుకుని తింటారు. మా శ్రీమతి మొదటిరోజు, "ఎంగిలి కాదుటండీ?" అని నా చెవిలో అన్నది. పిల్ల వినేసింది. "ఎంగిలంటే ఏమిటి పెద్దనాన్నా?" అని అడిగింది. ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతున్నాను గాని, ఆ ఒక్క మాటకు దానికి అర్థమయ్యేట్టు అర్థం చెప్పలేకపోయాను. ఇంకొకరి నోరు తగిలినది అన్నాను. "అయితే అమ్మ కొరికి ఇచ్చిన చాక్లెట్ ఎంగిలా?" అన్నది. కాదన్నాను. ఎందుకు కాదంటే చెప్పలేను.

చెప్పలేకపోయినప్పుడే మా చిన్ననాటి డాబా గుర్తుకొచ్చింది. ఎండాకాలం రాత్రుళ్ళు మా అమ్మ ఒక పెద్ద గిన్నెలో కొత్తావకాయ కలిపిన అన్నం పెట్టుకుని కూర్చునేది. ఇద్దరం ఎదురెదురుగా చేతులు చాపేవాళ్ళం. ఒక ముద్ద నాకు, ఒక ముద్ద వాడికి. ఎంగిలన్న మాటే లేదు. గిన్నెలో ఆఖరి ముద్ద ఎప్పుడూ వాడికే. చిన్నవాడు గదా! ఆ ముద్దకోసం నేను ఏడ్చిన రోజులూ ఉన్నాయి. మాడ్రిడ్‌లో ఒకే పళ్ళెం ముందు నిలబడి ఇద్దరం తింటున్నామన్న మాటే గాని, నా చెంచా అటు వెళ్ళినప్పుడు వాడి చెంచా ఆగిపోతోంది. వాడిది వచ్చినప్పుడు నాది ఆగుతోంది. పరాయివాళ్ళతో కూడా అంత మర్యాదగా ఉండం.

మేము తిరిగి బయలుదేరే ముందు రాత్రి మళ్ళీ కావా బాహాకు వెళ్ళాం. చివరి అంగడిలో పచ్చిమిరపకాయల పళ్ళెం తెప్పించారు. గలీసియా సీమలో పద్రోన్ అనే ఊరి పేరుమీద చెలామణీ అయ్యే చిన్నకాయలు. ఆలివ్ నూనెలో కాయపళంగా వేయించి, రాళ్ళుప్పు చల్లి ఇస్తారు. చాలావరకు చప్పగా ఉంటాయి. ఎక్కడో ఒక్కటి మాత్రం మండిపోతుంది. ఏది మండుతుందో చూసి చెప్పడం కష్టం. ఆ జూదమే అందులో సరదా. మిరపకాయ అసలు అమెరికా ఖండాలది. 1492లో కొలంబస్ వెళ్ళివచ్చాక స్పెయిన్‌కు చేరింది, ఆ తరువాత పోర్చుగీసు ఓడల్లో మన రేవులకు వచ్చింది. దాన్నిప్పుడు మనం పుట్టుకతోనే మనదన్నట్టు తింటున్నాం. గుంటూరు కారం ఎరిగినవాళ్ళం, ఈ బొమ్మకాయలకు జంకుతామా అని నేను కోతలు కోశాను. కాయలు ఒకటొకటే తరిగిపోయాయి. ఎవరికీ మండలేదు.

పళ్ళెంలో ఒక్క కాయ మిగిలింది.

నేను తీసుకోలేదు. వాడూ తీసుకోలేదు. మా మరదలు నా వైపు జరిపింది. నేను వాడి వైపు జరిపాను. వాడు మా శ్రీమతి వైపు జరిపాడు. కాయ బల్లంతా తిరిగి మళ్ళీ మధ్యకు వచ్చింది. పిల్ల నవ్వుతూ, "అది సిగ్గు ముక్క పెద్దనాన్నా! మా స్కూల్లో అందరూ అంటారు" అన్నది. మా తమ్ముడు వివరం చెప్పాడు. పంచుకునే పళ్ళెంలో చివరికి మిగిలిన ముక్కకు స్పానిష్‌లో ఆ పేరేనట, 'సిగ్గుది' అని. తినాలని అందరికీ ఉంటుంది, తీసుకోవడానికి అందరికీ సిగ్గు. అందుకని అది అక్కడే చల్లారిపోతుంది.

"మరి చివరికి ఎవరు తింటారే?" అన్నాను.

"ఎవరూ తినరు. పళ్ళెం తీసేవాడు తీసుకుపోతాడు" అన్నది పిల్ల.

అది మామూలుగానే అన్నది. నాకు మాత్రం ఊళ్ళో తాళం వేసిన ఇల్లు కళ్ళముందు నిలిచింది. నేనడిగితే అన్న ఇంటికోసం ఆశపడుతున్నాడనుకుంటాడని నేను. వాడడిగితే తండ్రికి నిప్పు పెట్టడానికి రానివాడు వాటాకు వచ్చాడంటారని వాడు. ఇద్దరం మర్యాదస్థులమే. మా మర్యాదల మధ్య మూడు వర్షాకాలాలు ఆ పెంకులమీద కురిసిపోయాయి. పళ్ళెం తీసేవాడు వస్తూనే ఉన్నాడు.

కత్తి తీసుకుని ఆ కాయను నిలువునా చీల్చాను. సగం వాడి ముందుకు జరిపాను.

"తినరా. ఇల్లేం చేద్దామో కూడా చెప్పు. అప్పుడు నేనన్న మాట తప్పు" అన్నాను.

వాడు నాకేసి చూశాడు. ఏమీ అనకుండా ఆ సగం నోట్లో వేసుకున్నాడు. నా సగం నేను వేసుకున్నాను. పళ్ళెమంతటికీ మండే కాయ అదొక్కటే. ఇద్దరికీ కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి.

"అంత కారమా?" అన్నది మా శ్రీమతి కంగారుగా మంచినీళ్ళందిస్తూ.

"కారమే వదినా" అన్నాడు వాడు.

"కారమే" అన్నాను నేను.

ఆ రాత్రి బిల్లు నేనిచ్చాను. వాడు వారించలేదు.

2025 సంక్రాంతికి వాడు పెళ్ళాంబిడ్డలతో వచ్చాడు. ఇద్దరం కలిసి తాళం తీశాం. వంటింటి దూలానికి చెద పట్టింది, పెరట్లో కరివేపచెట్టు మాత్రం ఇంటికంటే ఎత్తు పెరిగింది. ఇల్లు అమ్మాలో, బాగుచేసి ఉంచుకోవాలో ఇంకా తేలలేదు. వారానికి రెండుసార్లు ఫోనులో వాదించుకుంటున్నాం. మొన్న కాస్త గట్టిగానే వాదించుకున్నాం. మా శ్రీమతి, "మళ్ళీ మొదలెట్టారా?" అన్నది. అవును, మళ్ళీ మొదలుపెట్టాం. అదే గదా కావలసింది.

మీ ఇంట్లో కూడా ఎక్కడో ఒక సిగ్గు ముక్క ఉండే ఉంటుంది. ఎవరూ ఎత్తని ఒక మాట, ఎవరూ అడగని ఒక బాకీ, ఎవరూ చెప్పని ఒక క్షమాపణ. మీరు అడిగితే బాగుండదని మీరూ, వాళ్ళడిగితే బాగుండదని వాళ్ళూ చూస్తూ కూర్చుని ఉంటారు. కత్తి దగ్గరలోనే ఉంటుంది. రెండు ముక్కలు చేసి, ఒకటి అటు జరపండి. మండితే మండనివ్వండి, మంచినీళ్ళిచ్చేవాళ్ళు పక్కనే ఉంటారు.